రికార్డింగ్ ఇంజనీరు జ్ఞాపకాలు ఎంతవరకు నమ్మొచ్చు? జెఫ్ ఎమెరిక్ రాసిన బీటిల్స్ పుస్తకం

లెనిన్‌సెంటర్ పాఠకుడు (విజయవాడ):
పోయిన నెల లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్టు దగ్గర జెఫ్ ఎమెరిక్ ‘హియర్, దేర్ అండ్ ఎవ్రీవేర్’ దొరికింది. హోవర్డ్ మాసీతో కలిసి రాసిన పుస్తకం, 2006లో వచ్చింది. మూడు రాత్రుల్లో చదివేశాను. నాకంటే ముందు ఎవరో పెన్సిలు పట్టుకుని చదివారు. మొదట్లో గీతలన్నీ మైకుల దగ్గర, టేపు మిషన్ల దగ్గర ఉన్నాయి. పోనుపోను మనుషుల మీదికి మళ్లాయి. జార్జ్ హారిసన్ గురించిన ఒక పేరా పక్కన పెద్ద ప్రశ్నార్థకం ఉంది. సరిగ్గా అక్కడే నాకూ అనుమానం మొదలైంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. బీటిల్స్ అంటే ఇంగ్లండ్ రాక్ బ్యాండు: జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, డ్రమ్ములు వాయించే రింగో స్టార్. ఎమెరిక్ 1962 సెప్టెంబరులో, చదువు ఆపేయగానే, లండన్ అబ్బే రోడ్‌లోని ఈఎంఐ అనే రికార్డుల కంపెనీ స్టూడియోలో సహాయకుడిగా చేరాడు. బీటిల్స్ అక్కడికి కొత్తగా వచ్చిన రోజులు. 1966 ఏప్రిల్లో, ఇరవై ఏళ్ల వయసులో, వాళ్లకు ప్రధాన ఇంజనీరు అయ్యాడు. ‘రివాల్వర్’, ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బమ్‌లలో మనం వినే శబ్దం చాలావరకు ఆయన చేతి మీదుగా వచ్చిందే. 2018లో పోయాడు.

పుస్తకం నాకు చాలా నచ్చింది. అయినా మూడు విషయాలు ఇబ్బంది పెట్టాయి. నలభై ఏళ్ల నాటి మాటల్ని కొటేషన్లలో పెట్టి, నిన్న విన్నట్టు రాశాడు. ఏ గొడవ వచ్చినా పాల్ మెకార్ట్నీదే సబబు అన్నట్టుంటుంది. 1963 నుంచి 65 వరకు బీటిల్స్ రికార్డింగులు ఎక్కువగా చేసింది నార్మన్ స్మిత్. ఆ రోజుల్లో ఎమెరిక్ కొన్నాళ్లు సహాయకుడు, కొన్నాళ్లు డిస్కుల మీద పాట గాడులు చెక్కే విభాగంలో ఉన్నాడు. అయినా ఆ కథ కూడా అంతే ధీమాగా చెబుతాడు. ఇలాంటి పుస్తకాన్ని ఎలా తూచాలి?

మిక్సర్ వెనకాల (గుంటూరు):
అన్నా, నేను ఇరవై రెండేళ్లుగా మిక్సర్ వెనకాల నిలబడి బతుకుతున్నాను. పెళ్లిళ్లు, నాటక పరిషత్తులు, చర్చి ప్రోగ్రాములు. ఈ పుస్తకం నాకు పనివాడు రాసిన పుస్తకంలా అనిపించింది, అందుకే ప్రాణం.

అందులో బేస్ డ్రమ్ము సంగతి చూడండి. ఈఎంఐలో మైకు డ్రమ్ముకు ఇంత దూరంలోనే పెట్టాలని రూలు. దగ్గర పెడితే మైకు పాడవుతుందని వాళ్ల భయం. ఎమెరిక్ మైకుని డ్రమ్ముకి కొన్ని అంగుళాల దగ్గరికి జరిపాడు. డ్రమ్ము లోపల ఒక ఉన్ని స్వెటర్ కుక్కాడు. నాలుగు మెడలున్న స్వెటర్ అది, బీటిల్స్ నలుగురూ కలిసి ఫొటోలకు వేసుకున్నది. ఆ శబ్దాన్ని ఫెయిర్‌చైల్డ్ లిమిటర్‌తో (హద్దు దాటే శబ్దాన్ని అణిచే పెట్టె) గట్టిగా నొక్కాడు. పైవాళ్లు నిలదీశారు. ఆఖరికి అలా చేసుకోవచ్చని, బీటిల్స్ రికార్డింగులకు మాత్రమేనని ఉత్తరం ఇచ్చారట.

ఇది చదివాక మొన్న క్రిస్మస్‌కి ఒక చర్చిలో చేసి చూశాను. అక్కడి డ్రమ్ సెట్ పాతది. కొడితే ‘దమ్మ్మ్’ అని సాగి గోడలకి తగిలి మళ్లీ వచ్చేది, పాస్టర్ గారి మాట మునిగిపోయేది. ముందు తోలుకి అప్పటికే ఒక రంధ్రం ఉంది. మా ఇంటి ఉన్ని దుప్పటి మడత పెట్టి, కొట్టే తోలుకి కొస మాత్రమే తగిలేలా లోపల సర్దాను. మైకుని రంధ్రం దాకా తెచ్చాను. దుప్పటి నిండా కుక్కితే అట్టపెట్టె మీద కొట్టినట్టు చచ్చుగా వచ్చింది. సగం తీశాను. అప్పుడు ‘ధబ్’ అని పొట్టలో తగిలి ఆగిపోయింది. డ్రమ్స్ వాయించే అబ్బాయి వాయించడం ఆపి నా వంక చూశాడు. ఆ చూపు నాకు చాలు. పుస్తకం అబద్ధమైతే ఆ ‘ధబ్’ రాదు కదా.

బ్రాడీపేట గిటార్ (గుంటూరు):
డ్రమ్ము సంగతి ఒప్పుకుంటాను. జార్జ్ గురించి రాసింది మాత్రం ఒప్పుకోను.

నేను పిల్లలకి గిటార్ నేర్పుతాను. పుస్తకంలో జార్జ్ మొదటి నుంచీ తడబడేవాడు, మొహం ముడుచుకుని ఉండేవాడు, ఎవర్నీ నమ్మేవాడు కాదు. ‘టాక్స్‌మన్’ సోలో (పాట మధ్యలో గిటార్ ఒక్కటే ముందుకొచ్చే ముక్క) జార్జ్‌కి ఎంతకీ కుదరలేదని, పాల్ వచ్చి వాయించేశాడని చెబుతాడు. ఆ సోలో పాల్ వాయించాడన్నది నిజమే, అందరికీ తెలుసు. కానీ ఆ పాట రాసింది జార్జ్, పాడింది జార్జ్. 1966 ఏప్రిల్లో అతనికి 23 ఏళ్లు. ఒకపక్క గిటార్, ఒకపక్క సితార్, రెండు లోకాల మధ్య నలుగుతున్నాడు. నా దగ్గరికొచ్చే పిల్లాడు ఒక ముక్క దగ్గర రెండు గంటలు ఆగిపోతే, వీడికి చేతకాదు అని నేను రాయను. వాడు ఏదో వెతుకుతున్నాడు అంటాను. కంట్రోల్ రూము గాజు అవతల నుంచి చూస్తే ఆ రెండూ ఒకేలా కనిపిస్తాయి. గాజు ఇవతల కూర్చున్నవాడికి టైము వృథా అవుతున్నట్టే ఉంటుంది.

కృష్ణలంక కుర్రాడు (విజయవాడ):
ఈ పుస్తకం వచ్చినప్పుడు ఇంకో ఇంజనీరు గొడవ పెట్టాడని ఎక్కడో చదివాను. ఎవరాయన? ఎవరైనా చెప్పరా ప్లీజ్.

లెనిన్‌సెంటర్ పాఠకుడు:
కెన్ స్కాట్, తమ్ముడూ. ఆయనా ఈఎంఐలోనే పెరిగినవాడు. 1968 జులై 16న ఎమెరిక్ ఇక నావల్ల కాదని ‘వైట్ ఆల్బమ్’ మధ్యలో వెళ్లిపోతే ఆ కుర్చీలో కూర్చున్నది స్కాట్. ఎమెరిక్‌కి ఆ రోజులు పెద్దగా గుర్తు లేవని, పుస్తకం రాయబోతూ తనకీ పాత సహోద్యోగులకీ ఫోన్ చేసి మీకేం గుర్తున్నాయని అడిగాడని స్కాట్ బాహాటంగా చెప్పాడు. తర్వాత 2012లో తన జ్ఞాపకాలూ పుస్తకంగా తెచ్చాడు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఈ విషయమే. అడగడం తప్పు కాదు. నలుగురి దగ్గర పోగు చేసింది నలుగురి పేరుతో చెబితే బాగుండేది. అంతా నా కళ్ల ముందే జరిగింది అన్నట్టు రాస్తే, ఏది చూసింది, ఏది విన్నది అని పాఠకుడు ఎలా విడదీసుకోవాలి?

స్పూల్‌టేప్ (విజయవాడ):
ఆలస్యంగా వచ్చాను, అందరూ మన్నించాలి. నేను మన ఊరి రేడియోలో టేపులతో పనిచేసి రిటైరైనవాణ్ని. 1948 డిసెంబరు 1న మొదలైన కేంద్రం అది. బాలమురళీకృష్ణ గారు, రజనీకాంతరావు గారు నడిచిన వరండాల్లో నడిచాను. ఆ పుణ్యంతో రెండు మాటలు చెబుతాను.

బాబూ, జ్ఞాపకం ఎక్కడ ఉంటుందో ఒక సంగతి చెప్తాను. నేను చేరిన కొత్తల్లో ఒక హరికథ రికార్డు చేశాం. భాగవతార్ గారు కాలు కదిపితే గజ్జెల చప్పుడు కంటే నేల చప్పుడు ఎక్కువ వచ్చేది. జంపఖానా తెప్పించి రెండు మడతలు వేసి ఆయన కాళ్ల కింద పరిచాం. చిడతలు మైకు దగ్గరికొస్తే మీటరు సూది ఎర్రగీత దాటి కొట్టుకునేది. ఆయన్ని చెయ్యి దించమని ఎలా అడుగుతాం? మైకునే అడుగు పైకి లేపి, నోటి వైపు కొద్దిగా వంచాను. ఇప్పటికీ ఆ స్టాండు మర బిగుసుకుపోయి అరచేతికి ఒరుసుకున్నది గుర్తుంది. గుడ్డ చుట్టి తిప్పాను.

ఆ రోజు ఆయన మాతో ఏం మాట్లాడారో మాత్రం ఒక్క ముక్క గుర్తు లేదు. అది శివరాత్రి ముందు రోజని మా ఇంట్లో ముప్పై ఏళ్లు చెబుతూ వచ్చాను. మొన్న అటక మీద నా పాత డైరీ దొరికింది. శివరాత్రి కాదు, దసరాల్లో. జంపఖానా, మైకు ఎత్తు, చిడతలు మాత్రం డైరీలో నేను చెప్పినట్టే ఉన్నాయి.

అందుకే ఎమెరిక్ పుస్తకంలో ‘నేను ఈ మైకు ఇక్కడ పెట్టాను’ అన్న చోట నమ్ముతాను. ‘అప్పుడు జాన్ ఇలా అన్నాడు’ అన్న చోట ఆగుతాను. ‘జార్జ్ మనసులో ఇది ఉంది’ అన్న చోట పేజీ తిప్పేస్తాను. చేతికి గుర్తున్నది వేరు, చెవికి గుర్తున్నది వేరు. ఎదుటివాడి మనసు మనకి గుర్తుండే వస్తువు కాదు.

తేదీలకి ఆయన పుస్తకం వద్దు. మార్క్ లూయిసన్ 1988లోనే ఈఎంఐ టేపు పెట్టెలు, సెషన్ కాగితాలు చూసి రోజువారీ పట్టిక తెచ్చాడు. దాన్ని పక్కన పెట్టుకుని చదవండి.

మిక్సర్ వెనకాల:
బాబాయ్ గారూ, నమస్కారం. ఒక్కచోట మీతో విభేదిస్తాను.

కాగితం మీద టైము ఉంటుంది, టేకు నంబరు ఉంటుంది. ఆలోచన ఎవరిదో ఉండదు. ‘టుమారో నెవర్ నోస్’ పాటలో జాన్ తన గొంతు కొండ మీద నుంచి దలైలామా పాడినట్టు ఉండాలన్నాడు. ఆర్గన్‌తో వచ్చే తిరిగే లెస్లీ స్పీకర్లోకి గొంతు పంపి, అక్కడ మైకు పెట్టి పట్టుకున్నారు. జాన్‌కి ఎంత నచ్చిందంటే, తనని తాడుకి వేలాడదీసి మైకు చుట్టూ తిప్పితే ఎలా ఉంటుందని అడిగాడు. ఇలాంటిది ఏ సెషన్ కాగితంలోనూ దొరకదు. రాసినవాడు రాయబట్టి తెలిసింది.

ఇంకో బాధ ఉంది. మావాళ్ల పేరు ఎక్కడా ఉండదు. ఒక భక్తి పాటల ఆల్బమ్‌కి పదకొండు రాత్రులు కూర్చున్నాను. విడుదలయ్యాక చూస్తే పాడినవాళ్లు, రాసినవాళ్లు, డబ్బు పెట్టినవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు, అందరి పేర్లూ ఉన్నాయి. శబ్దగ్రహణం అన్న మాటే లేదు. నలభై ఏళ్ల తర్వాత ఒకాయన నోరు విప్పి ‘అది నేను చేశాను’ అంటే, కొంచెం ఎక్కువే అన్నా నేను అర్థం చేసుకుంటాను.

స్పూల్‌టేప్:
నీ బాధ న్యాయమైనదే నాయనా. అయితే అదే న్యాయం మిగతా పనివాళ్లకీ అందాలి కదా. గొంతుని రెట్టింపు చేసే ఏడీటీ పద్ధతి కనిపెట్టింది కెన్ టౌన్‌సెండ్, ఈఎంఐ సాంకేతిక సిబ్బందిలో ఒకాయన, 1966లోనే. ఆ రోజుల్లో ఒక్క గదిలో ఐదారుగురు తల పట్టుకుని కూర్చునేవాళ్లు. ఆలోచన బయటికొచ్చాక అది ఎవరి నోట్లోంచి వచ్చిందో అక్కడున్న ప్రతి ఒక్కరికీ ఒక్కోలా గుర్తుంటుంది. పేరు దక్కనివాడు పేరు అడగాలి, తప్పకుండా అడగాలి. పక్కవాడి పేరు మింగకుండా అడగాలి.

సత్యనారాయణపురం వీణ (విజయవాడ):
అందరికీ నమస్కారం. నేను సంగీతం చెప్పుకునే మనిషిని. ఇంగ్లీషు పాటలు మా అబ్బాయి వల్ల అలవాటయ్యాయి. పుస్తకం కంటే ముందు పాటలు విన్నాను కాబట్టి నా చదువు తిరగేసి సాగింది.

‘లవ్ యూ టు’ వినండి. 1966 ఏప్రిల్లోనే చేశారు. తబలా అనిల్ భగవత్, ఆయన పేరు ఆల్బమ్ కవరు మీద ఉంది కూడా. ఎమెరిక్ మైకుని తబలాకి బాగా దగ్గర పెట్టాడు. కచేరీలో పదో వరసలో కూర్చుంటే ఎడమ అరచేతి అడుగుభాగం బాయా (తబలా జతలో పెద్దది) మీద జారినప్పుడు వచ్చే ఆ ‘గుమ్మ్’ మూలుగు సగమే వినిపిస్తుంది. ఇక్కడ వాద్యం మన ఒళ్లో ఉన్నట్టుంటుంది. చర్మం సాగడం వినిపిస్తుంది. మన వాద్యాన్ని ఎన్నడూ పెద్దగా ఎరగని కుర్రాడు ఎంత శ్రద్ధగా విన్నాడో అనిపించి కళ్లు చెమర్చాయి.

1967 మార్చిలో ‘వితిన్ యూ వితౌట్ యూ’లో దిల్‌రుబాలు (కమానుతో వాయించే ఉత్తరాది వాద్యాలు), తబలా, తంబురా. తర్వాత దాని మీద ఎనిమిది వయొలిన్లు, మూడు చెల్లోలు కలిపారు. దిల్‌రుబా గమకం వెంట ఆ పడమటి వయొలిన్లు జారుతూ రావడానికి బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ స్వరాలు రాసి వాయింపించిన తీరు వింటుంటే, ఈ పుస్తకం మార్టిన్‌ని అక్కడక్కడా తక్కువ చేయడం నాకు నచ్చలేదు. బీటిల్స్‌లో ఆ పాట మీద కూర్చున్నది జార్జ్ హారిసన్ ఒక్కడే. మొహం ముడుచుకున్న మనిషి ఇంత ఓపిగ్గా మన వాద్యకారులతో కూర్చుంటాడా అని అడగాలనిపిస్తుంది.

బ్రాడీపేట గిటార్:
వీణ గారూ, చాలా థాంక్సండీ. మీరు చెప్పాక నిన్న రాత్రి మళ్లీ పుస్తకం తీసి జార్జ్ ఉన్న పేజీలన్నీ వరసగా చదివాను. న్యాయంగా ఒకటి చెప్పాలి. ‘సమ్‌థింగ్’ సోలో సంగతి ఆ పుస్తకంలోనే ఉంది. 1969లో, టేపు మీద ఉన్న ఎనిమిది ట్రాకులూ నిండిపోయాయి. ఆర్కెస్ట్రా రికార్డు చేసేటప్పుడే, దానితోపాటే, జార్జ్ తన సోలోని మళ్లీ లైవ్‌గా వాయించాడు. తప్పు పడితే అందరూ మళ్లీ మొదలెట్టాలి. అతను టెన్షన్ పడ్డాడు, అయినా దాదాపు ముందు వాయించినట్టే స్వరం స్వరం పలికించాడని ఎమెరిక్ మెచ్చుకున్నాడు.

అంటే చెవి నిజాయితీగానే ఉంది. వినపడిన చోట ఒప్పుకున్నాడు. మనిషి మీద అభిప్రాయం ముందే గడ్డకట్టింది, అంతే. నా కోపం కొంచెం తగ్గింది. పూర్తిగా తగ్గలేదు.

కృష్ణలంక కుర్రాడు:
నాకు బాగా నచ్చింది ‘ఎలినార్ రిగ్బీ’ కథ. ఎనిమిది మంది తంత్రీవాద్యాల వాళ్లు, ఒక్కొక్కరి ముందు ఆనుకుని మైకు. వాళ్లకి ఇబ్బందేసి ప్రతి టేకుకీ కుర్చీలు వెనక్కి జరుపుకునేవాళ్లట. ఇవాళ హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. కమాను తీగకి తగిలే గరుకు నిజంగా వినిపిస్తోంది. ఇదివరకు ఎన్నిసార్లు విన్నానో, ఒక్కసారీ గమనించలేదు.

మరి పాల్ పక్షపాతం సంగతి? బీటిల్స్ విడిపోయాక పాల్ తెచ్చిన ‘బ్యాండ్ ఆన్ ద రన్’ ఆల్బమ్‌కి ఎమెరికే ఇంజనీరు, దానికి గ్రామీ కూడా వచ్చింది. స్నేహితుడి గురించి స్నేహితుడు రాసినట్టు చదవాలి అంతేనా?

లెనిన్‌సెంటర్ పాఠకుడు:
అంతే తమ్ముడూ. దానికి ఇంకో కారణమూ ఉందనుకుంటున్నా. స్టూడియోలో ఆఖరిదాకా కూర్చుని బేస్ శబ్దం ఇలా కావాలి, అలా కావాలి అని వివరంగా అడిగేది పాల్. ‘పేపర్‌బ్యాక్ రైటర్’కి బేస్ ఇంకా గట్టిగా రావాలంటే స్పీకర్‌నే మైకుగా వాడారు. జాన్ అడిగే తీరు కొండలు, దలైలామాలు. జార్జ్ తక్కువ మాట్లాడేవాడు. ఇంజనీరుకి తన భాషలో మాట్లాడినవాడు దగ్గరవుతాడు. దాన్ని దురుద్దేశం అనను. కానీ ఆ దగ్గరితనం కొలబద్దగా పెట్టి మిగతా ముగ్గుర్నీ కొలిచాడు, అక్కడే పుస్తకం పక్కకి ఒరిగింది. రింగో విషయంలో మరీనూ. అంత శ్రద్ధగా మైకు పెట్టి పట్టుకున్న డ్రమ్ములు వాయించింది ఎవరు మరి?

నా పెన్సిల్ గీతలు నేనూ గీశాను. స్పూల్‌టేప్ గారు చెప్పినట్టు మూడు రకాలు పెట్టుకున్నాను: ఆయన చేత్తో చేసినవి, చెవితో విన్నవి, ఊహించినవి. చేత్తో చేసినవాటిలో ఒకటి రెండు తప్ప అన్నీ పాటల్లో వినిపిస్తున్నాయి. ‘స్ట్రాబెరీ ఫీల్డ్స్’లో వేరే వేగం, వేరే శ్రుతిలో ఉన్న రెండు టేకుల్ని అతికించిన చోటు, పాట మొదలైన నిమిషానికి వస్తుంది. తెలిశాక అక్కడ గొంతు బరువెక్కడం దొరికిపోయింది. ‘ఎ డే ఇన్ ద లైఫ్’ చివరి పియానో శబ్దం నలభై సెకన్లు దాటి సాగుతుంది. అది సన్నగిల్లేకొద్దీ ఫేడర్లు (శబ్దం పెంచే మీటలు) పైకి తోస్తూ పోయారు, చిట్టచివర గదిలో చప్పుళ్లు కూడా పడ్డాయి. అది రాసిన పేజీ చదువుతుంటే నా చేతి వేళ్లు నాకు తెలియకుండానే పైకి జరిగాయి. అంత చక్కగా రాశాడు. ఊహించినవాటి పక్కన నేనూ ప్రశ్నార్థకాలే పెట్టాను.

కాబట్టి నా మాట: కొనండి, చదవండి. శబ్దం గురించి ఇంత దగ్గరగా రాసిన జ్ఞాపకాలు నేను ఇంకెక్కడా చదవలేదు. జార్జ్, రింగోల గురించి తెలుసుకోవడానికి మాత్రం దీన్ని నమ్ముకోవద్దు.

స్పూల్‌టేప్ గారూ, మీరు రాయకూడదా? మన తెలుగులో గాయకులు రాశారు, నటులు రాశారు. టేపు పట్టుకున్నవాళ్లు రాసింది నేను చూడలేదు.

సత్యనారాయణపురం వీణ:
నేనూ అదే అడుగుతున్నాను బాబాయ్ గారూ. చిన్నప్పుడు పొద్దున్నే భక్తిరంజని వింటూ జడ వేయించుకున్న పిల్లని. ఆ శబ్దం అంత చల్లగా ఎలా ఉండేదో చెప్పగలిగినవాళ్లు మీరే.

మిక్సర్ వెనకాల:
రాయండి బాబాయ్ గారూ. మీరు చెబితే టైపు చేసి పెట్టడానికి ఆదివారం ఆదివారం గుంటూరు నుంచి నేనొస్తాను.

స్పూల్‌టేప్:
మీ అందరి ప్రేమకి ఏమనాలో తెలియట్లేదు. రాత్రి ఒక పేజీ మొదలుపెట్టాను. ఆ హరికథ రోజే. జంపఖానా రాశాను, మైకు ఎత్తు రాశాను, దసరాలు అని డైరీ చూసి రాశాను. మర తిప్పడానికి చుట్టిన గుడ్డ నాది కాదు, మృదంగం వాయించినాయన తన భుజం మీద కండువా తీసి ఇచ్చారు. అది రాస్తుంటేనే గుర్తొచ్చింది. ఆయన పేరు డైరీలో లేదు. పల్నాడు వైపు నుంచి వచ్చారని మాత్రం ఉంది. ఎడమ చేతి వాటం మనిషి, మృదంగం తిప్పి పట్టుకునేవారు, అందుకే రెండో మైకు కుడి పక్కకి మార్చాల్సి వచ్చింది. ఎనభైల్లో దసరా హరికథలకి అలా వాయించినాయన మీ ఇళ్లల్లో పెద్దలకి ఎవరికైనా తెలుసేమో కనుక్కుంటారా? ఆ పేరు పడ్డాకే రెండో పేజీకి వెళ్తాను.